బైపోలార్ డిజార్డర్‌తో బతుకు: మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు జవాబులు

బైపోలార్ డిజార్డర్ అంటే మనసు ఒకసారి అతి హుషారులోకి, ఒకసారి లోతైన దిగులులోకి విడతలు విడతలుగా వెళ్లే మానసిక జబ్బు. నిర్ధారణ అయిన వారంలో అడిగే ప్రశ్నలనే పదేళ్లుగా మందులు వాడుతున్నవారూ అడుగుతుంటారు. అందుకే వీటిని ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన చోటికి నేరుగా వెళ్లిపోవచ్చు. మందుల గురించి ఇచ్చిన అంకెలు పెద్దవాళ్లకు సాధారణంగా వర్తించేవి. మీ మోతాదు నిర్ణయించాల్సింది మీ డాక్టరే. ఆ డాక్టరును ఏం అడగాలో తెలియడానికే ఈ అంకెలు. ముందుగా ఒక మాట: ఈ జబ్బును అదుపులో పెట్టే పనిలో ఎక్కువ భాగం బాగున్న రోజుల్లోనే జరగాలి. బాగోలేనప్పుడు కొత్తగా ఏర్పాట్లు చేసుకునే ఓపిక గానీ తెలివిడి గానీ ఉండదు.

## అనుమానం వచ్చినప్పుడు, నిర్ధారణ అయినప్పుడు

పొద్దున హుషారుగా ఉంటాను, సాయంత్రానికి దిగులు. నాకు బైపోలార్ ఉన్నట్టేనా?

ఒకే రోజులో మనసు నాలుగు రకాలుగా మారినంత మాత్రాన అది బైపోలార్ కాదు. ఈ జబ్బులో మార్పు రోజుల తరబడి, వారాల తరబడి నిలుస్తుంది. అసాధారణమైన హుషారు గానీ చిరాకు గానీ, దాంతోపాటు పెరిగిన శక్తి, కనీసం 7 రోజుల పాటు రోజులో ఎక్కువసేపు ఉంటే దాన్ని మేనియా అంటారు. ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రంగా ఉంటే రోజుల లెక్క చూడరు. హైపోమేనియాకు, అంటే మేనియా కన్నా తక్కువ తీవ్రత ఉన్న హుషారుకు, 4 రోజులు, డిప్రెషన్‌కు 2 వారాలు కొలత.

అన్నిటికంటే నమ్మదగిన గుర్తు నిద్ర. నిద్ర పట్టక తెల్లారేసరికి నీరసపడిపోవడం వేరు, మూడు గంటలే పడుకుని అలసట అన్నదే లేకుండా లేచి పనిలో పడడం వేరు. ఈ రెండోది వరసగా నాలుగైదు రోజులు జరిగి, ఇంట్లోవాళ్లు కూడా "ఏంటి ఇంత గడగడా మాట్లాడుతున్నావు" అంటుంటే మానసిక వైద్యుణ్ని కలవండి.

టైప్ 2 అన్నారు. అంటే టైప్ 1 కన్నా తేలికేనా?

కాదు. టైప్ 1లో జీవితంలో ఒక్కసారైనా పూర్తి మేనియా వచ్చి ఉంటుంది. టైప్ 2లో పైకి హైపోమేనియా వరకే వెళ్తుంది గానీ కిందికి డిప్రెషన్ చాలా లోతుగా, ఎక్కువ కాలం ఉంటుంది. ఉద్యోగాలు పోవడం, చదువులు ఆగడం, ప్రాణాపాయం టైప్ 2లోనూ ఉన్నాయి. అంకె చూసి ధైర్యపడి మందులు వదిలేయడం ఈ విషయంలో తరచుగా జరిగే పొరపాటు.

ఏళ్ల తరబడి డిప్రెషన్‌కు మందులు వాడాం. ఇప్పుడు బైపోలార్ అంటున్నారు. ముందు చూసిన డాక్టరు తప్పు చెప్పినట్టా?

చాలామందిలో ఈ జబ్బు మొదట డిప్రెషన్ రూపంలోనే బయటపడుతుంది. పైగా డాక్టరు దగ్గరికి వెళ్లేది దిగులుగా ఉన్నప్పుడే కదా. హుషారుగా ఉన్న వారాన్ని ఎవరూ జబ్బుగా చెప్పుకోరు, "అప్పుడే నేను మామూలుగా ఉన్నాను" అనుకుంటారు. అందుకే అసలు పేరు తేలడానికి ఏళ్లు పట్టడం మామూలే.

కొత్త డాక్టరును కలిసేటప్పుడు వీటిని ఒక కాగితం మీద రాసుకెళ్లండి: మొదటి డిప్రెషన్ ఏ వయసులో వచ్చింది, డిప్రెషన్ మందు మొదలుపెట్టాక ఎప్పుడైనా ఉన్నట్టుండి నిద్ర తగ్గి వేగం పెరిగిందా, దగ్గరి బంధువుల్లో ఎవరికైనా బైపోలార్, ఆత్మహత్య, మానసిక ఆసుపత్రిలో చేరడం లాంటివి ఉన్నాయా, ప్రసవం తర్వాత మనసు దెబ్బతిన్న సందర్భం ఉందా. మీ హుషారు రోజుల్ని దగ్గరగా చూసిన ఒకరిని వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. వాళ్లు చెప్పే పది నిమిషాల మాటలకు చాలా విలువ ఉంటుంది.

స్కానింగ్‌లో గానీ రక్తపరీక్షలో గానీ తెలియదా?

బైపోలార్‌ను పట్టించే పరీక్ష లేదు. జీవిత చరిత్ర విని, లక్షణాలు చూసి నిర్ధారిస్తారు. అయినా థైరాయిడ్, రక్తంలో చక్కెర, కిడ్నీ, కాలేయం పరీక్షలు రాస్తారు. అందుకు రెండు కారణాలు. థైరాయిడ్ ఎక్కువైనా, స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా, కొన్ని మత్తు పదార్థాల వల్లా మేనియాలాంటి స్థితి రావచ్చు. అలాగే మందు మొదలుపెట్టక ముందు ఈ అంకెలు ఎలా ఉన్నాయో నమోదై ఉంటే, ఏడాది తర్వాత వచ్చిన మార్పు మందు వల్లేనా కాదా అన్నది తేలుతుంది. ఆ మొదటి రిపోర్టులు జాగ్రత్తగా దాచుకోండి.

నా పిల్లలకూ వస్తుందా?

జన్యువుల పాత్ర గట్టిదే. సాధారణ జనాభాలో సుమారు 1 శాతం మందికి ఈ జబ్బు ఉంటే, తల్లిదండ్రుల్లో ఒకరికో తోబుట్టువుకో ఉన్నవారిలో అది 5 నుంచి 10 శాతం. దాన్ని తిప్పి చూస్తే, పదిమంది పిల్లల్లో తొమ్మిదిమందికో అంతకంటే ఎక్కువమందికో రాదు. ఎక్కువగా ఇది పదిహేను, ఇరవై అయిదేళ్ల మధ్య మొదలవుతుంది. ఆ వయసు పిల్లల్లో నిద్ర, చదువు, ప్రవర్తన ఒక్కసారిగా మారితే ఆలస్యం చేయకుండా చూపించండి. గంజాయికి దూరంగా ఉండాలన్న సంగతి వాళ్లకు కారణంతో సహా చెప్పండి.

## మందులు మొదలయ్యాక

మందు మొదలుపెట్టి వారమైంది. తేడా ఏమీ లేదు. పనిచేయడం లేదా?

ఏ దశలో మొదలుపెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. మేనియాలో ఒలాంజపిన్, రిస్పెరిడోన్, క్వెటియాపిన్ లాంటివి కొన్ని రోజుల్లోనే వేగం తగ్గిస్తాయి. లిథియంకు వారం, రెండు వారాలు కావాలి. డిప్రెషన్ ఇంకా నెమ్మది, స్పష్టమైన మార్పుకు 2 నుంచి 6 వారాలు పడుతుంది. ఇక మళ్లీ రాకుండా ఆపడం అనే అసలు ప్రయోజనం నెలల మీద గానీ తెలియదు. మొదటి వారంలో మందు వల్ల మేలు కన్నా మత్తు, నోరు ఎండడం లాంటి ఇబ్బందులే ముందు కనిపిస్తాయి. సరిగ్గా అక్కడే చాలామంది ఆపేస్తారు. ఇబ్బంది భరించలేనంతగా ఉంటే ఆపకండి, ఫోన్ చేసి అడగండి. వేసుకునే సమయం మార్చడం, మోతాదు నెమ్మదిగా పెంచడం లాంటి మార్గాలుంటాయి.

లిథియంకు ఇన్నిసార్లు రక్తపరీక్ష ఎందుకు? ఎప్పుడు ఇవ్వాలి?

లిథియంలో పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. ఒకే మోతాదు ఇద్దరి రక్తంలో రెండు రకాల స్థాయి చూపిస్తుంది. జబ్బు మళ్లీ రాకుండా కాపాడడానికి సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీమోల్స్ ఉండాలంటారు. తీవ్రమైన మేనియాలో 1.0 దాకా తీసుకెళ్తారు. కొన్ని ల్యాబులు మిల్లీఈక్వివలెంట్స్ అని రాస్తాయి, కంగారుపడకండి, అంకె ఒకటే.

రక్తం ఇవ్వాల్సింది చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు. రాత్రి 9కి వేసుకుంటే ఉదయం 9కి ఇవ్వాలి. ఉదయం కూడా మాత్ర ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ఇక్కడే ఎక్కువగా తప్పు జరుగుతుంది: మాత్ర వేసుకుని ల్యాబుకు వెళ్తారు, స్థాయి ఎక్కువగా వస్తుంది, అవసరం లేకుండా మోతాదు తగ్గుతుంది, రెండు నెలల్లో జబ్బు తిరగబడుతుంది. పరీక్షకు ముందురోజు ఒక మోతాదు మరిచిపోయినా ఆ సంగతి చెప్పండి.

మొదలుపెట్టిన తర్వాత, మోతాదు మార్చిన ప్రతిసారీ 5 నుంచి 7 రోజులకు పరీక్ష ఉంటుంది. స్థిరపడ్డాక 3 నెలలకోసారి, ఏడాది దాటి అంతా బాగుంటే 6 నెలలకోసారి. కిడ్నీ, థైరాయిడ్, కాల్షియం 6 నెలలకోసారి చూడాలి. థైరాయిడ్ తగ్గితే లిథియం మానేయాల్సిన పని సాధారణంగా ఉండదు, థైరాయిడ్ మాత్ర జతచేస్తే సరిపోతుంది.

లిథియం వాడుతూ ఒళ్లునొప్పులకు మాత్ర వేసుకోవచ్చా?

పారాసెటమాల్ వేసుకోవచ్చు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ లాంటివి డాక్టరును అడగకుండా వద్దు. అవి కిడ్నీ లిథియంను బయటికి పంపే వేగాన్ని తగ్గిస్తాయి, దాంతో రక్తంలో స్థాయి పెరిగిపోతుంది. రక్తపోటుకు ఇచ్చే మందుల్లో పేరు చివర "ప్రిల్" అని, "సార్టన్" అని వచ్చేవి, మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే థయజైడ్ రకం మాత్రలు కూడా ఇదే పని చేస్తాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పళ్ల డాక్టరైనా సరే, మొదట చెప్పాల్సిన మాట "లిథియం వాడుతున్నాను" అన్నదే.

లిథియం ఎక్కువైందని ఎలా తెలుస్తుంది?

వేళ్లలో సన్నని వణుకు, దాహం, మాటిమాటికీ మూత్రం రావడం మామూలు స్థాయిలోనూ ఉంటాయి. ప్రమాదం సూచించేవి వేరు: చేతులు పెద్దగా వణకడం, వాంతులు, విరేచనాలు, తాగినవాళ్లలా తూలడం, మాట ముద్దగా రావడం, అయోమయం, విపరీతమైన మగత. వీటిలో ఏవి కనిపించినా తర్వాతి మోతాదు వేయకుండా అదేరోజు ఆసుపత్రికి వెళ్లి లిథియం స్థాయి చూడమనండి. రేపటిదాకా చూద్దాం అనుకునే విషయం కాదిది.

ఎక్కువ అవడానికి తరచుగా కనిపించే కారణం ఒంట్లో నీరు, ఉప్పు తగ్గడం. జ్వరం, వాంతులు, విరేచనాలు, ఎండలో విపరీతంగా చెమట పట్టడం, రోజంతా నీళ్లు తాగకపోవడం, ఒక్కసారిగా ఉప్పు మానేయడం అన్నీ ఆ కోవలోవే. కిడ్నీ దృష్టిలో లిథియం, సోడియం అన్నదమ్ముల్లాంటివి. ఉప్పు తగ్గినప్పుడు కిడ్నీ దాన్ని పట్టి ఉంచుకుంటుంది, దాంతోపాటు లిథియంనూ పట్టి ఉంచుకుంటుంది. విరేచనాలు పట్టుకుంటే అదేరోజు డాక్టరుకు ఫోన్ చేయండి. తగ్గేదాకా మందు ఆపమనే ఎక్కువగా చెబుతారు.

లామోట్రిజిన్‌ను ఇంత నెమ్మదిగా పెంచుతున్నారేం? డిప్రెషన్‌తో చస్తుంటే!

మీ తొందర న్యాయమైనదే. కానీ ఈ మందును వేగంగా పెంచితే చర్మం మీద దద్దుర్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. వాటిలో అరుదుగా ఒక రకం చర్మం ఊడిపోయి ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే మామూలుగా 2 వారాలు రోజుకు 25 మిల్లీగ్రాములు, తర్వాత 2 వారాలు 50, ఆపైన 100, చివరికి 200 దాకా వెళ్తారు. మూడ్‌ను నిలబెట్టే మరో మందు వాల్‌ప్రోయేట్ కూడా వాడుతుంటే ఈ లెక్క సగమవుతుంది. మొదటి 8 వారాల్లో దద్దుర్లు, నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబడడం, జ్వరం కనిపిస్తే వెంటనే ఆపి డాక్టరును కలవండి.

ఇంకొక సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. వరసగా 5 రోజులకు మించి ఈ మాత్ర మానేస్తే తిరిగి పాత మోతాదుతో మొదలుపెట్టకూడదు, మళ్లీ 25 నుంచే ఎక్కాలి. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు లామోట్రిజిన్ స్థాయిని బాగా తగ్గిస్తాయి, కాబట్టి అవి మొదలుపెట్టినా ఆపినా డాక్టరుకు తెలియాలి.

డిప్రెషన్‌లోనే కదా ఉన్నాను, డిప్రెషన్ మందు ఎందుకు ఇవ్వడం లేదు?

మూడ్‌ను నిలబెట్టే మందు తోడు లేకుండా డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే, ముఖ్యంగా టైప్ 1లో, మనిషి ఏకంగా మేనియాలోకి వెళ్లిపోవచ్చు. కొందరిలో ఏడాదికి నాలుగు, అంతకు మించి విడతలు వచ్చే స్థితికి కూడా దారి తీస్తుంది. అందుకే క్వెటియాపిన్, లురాసిడోన్, లామోట్రిజిన్, లిథియం లాంటివి ముందు చూస్తారు. లురాసిడోన్ ఇస్తే దాన్ని కనీసం 350 క్యాలరీల తిండితో వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే మందు దాదాపు సగమే ఒంటికి పడుతుంది.

మూడు నెలల్లో ఆరు కిలోలు పెరిగాను. అద్దం చూడబుద్ధి కావడం లేదు.

ఇది మీ నిగ్రహలోపం కాదు. ఒలాంజపిన్, క్వెటియాపిన్, వాల్‌ప్రోయేట్ ఆకలిని నిజంగానే పెంచుతాయి. మొదటి నెలలో బరువు ఎంత పెరిగిందన్నదే తర్వాత ఎంత పెరుగుతుందో చెబుతుంది, కాబట్టి వారానికోసారి తూచుకుని అంకె రాసుకోండి. నెలలో 5 శాతం పెరిగితే ఆగకుండా డాక్టరుతో మాట్లాడండి. అరిపిప్రజోల్, లురాసిడోన్ లాంటి తక్కువ బరువు పెంచేవాటికి మారడం, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు జతచేయడం అనే దారులున్నాయి. రక్తంలో చక్కెర, కొవ్వు మొదట్లో, 3 నెలలకు, తర్వాత ఏడాదికోసారి చూడాలి. బరువు భయంతో మందును రహస్యంగా సగం చేసుకోవడం మాత్రం వద్దు. అప్పుడు డాక్టరు ఈ మోతాదు చాలడం లేదనుకుని ఇంకా పెంచుతారు.

రాత్రి మాత్ర మరిచిపోయాను. ఇప్పుడు రెండు వేసుకోనా?

వద్దు. కొన్ని గంటల ఆలస్యమే అయితే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి. తర్వాతి మోతాదు దగ్గరపడితే పాతది వదిలేయండి. రెండు కలిపి వేసుకోవద్దు, లిథియం విషయంలో అసలే వద్దు. వారంలో ఏడు గదులుండే మాత్రల పెట్టె కొనుక్కుంటే, వేసుకున్నానా లేదా అన్న అనుమానమే ఉండదు.

రెండేళ్లుగా బాగున్నాను. ఇక మందు ఆపేయొచ్చా?

ఈ ప్రశ్న అడగడం తప్పు కాదు, అడగకుండా ఆపడమే ప్రమాదం. బాగుండడానికి కారణం చాలాసార్లు ఆ మందే. ఉన్నట్టుండి లిథియం మానేసినవారిలో తొలి నెలల్లోనే మేనియా తిరగబడే ముప్పు ఎక్కువ. ఆత్మహత్య ప్రమాదమూ పెరుగుతుంది. ఆపాలని డాక్టరు, మీరు కలిసి నిర్ణయించుకుంటే కనీసం 4 వారాలు, వీలైతే 3 నెలల మీద మెల్లగా తగ్గిస్తారు. పరీక్షలు, ఇల్లు మారడం, కొత్త ఉద్యోగం లాంటివి ఉన్న కాలంలో ఆ ప్రయత్నం మొదలుపెట్టకండి. ఒకటి కన్నా ఎక్కువసార్లు తీవ్రమైన విడతలు వచ్చినవారికి దీర్ఘకాలం కొనసాగించమనే చెబుతారు.

## రోజూ గడిపే జీవితం

నిద్ర గురించి ఇంత పట్టుదల ఎందుకు? ఒక్కరాత్రి మేలుకుంటే ఏమవుతుంది?

కొందరికి ఏమీ కాదు. బైపోలార్ ఉన్నవారిలో మాత్రం ఆ ఒక్కరాత్రే మేనియాకు తలుపు తీయగలదు. నిద్ర తగ్గడం మేనియాకు లక్షణమే కాదు, కారణం కూడా. నిద్ర తగ్గితే మెదడు వేగం పెరుగుతుంది, వేగం పెరిగితే నిద్ర ఇంకా తగ్గుతుంది. ఆ చక్రం తిరగడం మొదలయ్యాక చేత్తో ఆపలేం.

అన్నిటికన్నా ముందు లేచే సమయాన్ని కట్టేయండి. సెలవురోజైనా సరే, అరగంటకు మించి తేడా రాకూడదు. పడుకునే సమయం దానంతటదే సర్దుకుంటుంది. మొదటి భోజనం, బయటికి వెళ్లడం, మొదటగా ఒక మనిషితో మాట్లాడడం కూడా రోజూ ఇంచుమించు ఒకే వేళకు జరిగితే శరీరంలోని గడియారం నిలబడుతుంది. దీని మీదే ఒక చికిత్సా పద్ధతి కూడా ఉంది. రాత్రి పడుకోవడానికి గంటన్నర ముందు గదిలో వెలుతురు తగ్గించండి, ఫోను వేరే గదిలో పెట్టండి. రాత్రి షిఫ్టులు, వారం వారం మారే షిఫ్టులు వీలైనంత తప్పించుకోండి. డాక్టరు రాసిచ్చే ఉత్తరంతో కొన్నిచోట్ల మారుస్తారు.

ప్రయాణం వల్లో ఆసుపత్రి పని వల్లో ఒకరాత్రి నిద్ర పోయిందనుకోండి, మర్నాడు రాత్రిని కాపాడుకోండి. పనులు రద్దుచేసుకుని మామూలు వేళకు పడుకోండి. వరసగా రెండు రాత్రులు నిద్ర బాగా తగ్గి, అయినా అలసట లేకపోతే అదేరోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. డిప్రెషన్‌లో సమస్య తిరగబడుతుంది, పన్నెండు గంటలు పడుకున్నా లేవాలనిపించదు. అక్కడా మందు లేచే సమయమే.

మూడ్ చార్టు రాయమన్నారు. ఏం రాయాలి? వారంలోనే విసుగొస్తోంది.

ఎక్కువ రాస్తే విసుగే వస్తుంది. రోజుకు ఒక్క నిమిషం, ఒక్క వరస చాలు: మూడ్‌కు -3 నుంచి +3 లోపు ఒక అంకె (0 అంటే మామూలు), నిద్రపోయిన గంటలు, మందు వేసుకున్నారా, ఆ రోజు ప్రత్యేకంగా జరిగినదేమైనా ఉంటే రెండు మాటలు. ఆడవాళ్లు నెలసరి తేదీ కూడా గుర్తుపెట్టుకోండి. అంకె వేయడానికి మీదైన కొలత ముందే రాసుకోండి. ఉదాహరణకు +1 అంటే "మాటలు వేగంగా వస్తున్నాయి, అయినా ఆపుకోగలుగుతున్నాను", -2 అంటే "స్నానం వాయిదా వేశాను, ఫోన్లు ఎత్తలేదు". మూడు నెలలు నిండాక చూస్తే ఒక నమూనా బయటపడుతుంది, చాలామందిలో మూడ్ మారకముందే నిద్ర అంకె మారుతుంది. డాక్టరు దగ్గర "ఎలా ఉన్నారు" అన్న ప్రశ్నకు ఆ కాగితమే జవాబు.

కాఫీ, మద్యం పూర్తిగా మానాలా?

మద్యం మానడమే మేలు. డిప్రెషన్‌ను లోతు చేస్తుంది, నిద్రను ముక్కలు చేస్తుంది, మత్తు కలిగించే మందులతో కలిసి ప్రమాదం తెస్తుంది. గంజాయి మేనియాను, భ్రమలను రెచ్చగొడుతుంది, దాని విషయంలో కొంచెం అన్న మాటకు తావు లేదు. కాఫీ మధ్యాహ్నం లోపు ఒకటి రెండు కప్పులు పర్లేదు. లిథియం వాడేవారు కాఫీని ఒక్కసారిగా మానేస్తే రక్తంలో లిథియం పెరుగుతుంది. మానాలనుకుంటే మెల్లగా తగ్గించండి.

మందులుండగా కౌన్సెలింగ్ దేనికి?

మందుల బదులుగా కాదు, మందులతో పాటు. జబ్బు గురించి నేర్పే శిక్షణ, కుటుంబంతో కలిపి చేసే చికిత్స, ఆలోచనల మీద పనిచేసే సీబీటీ, ఈ మూడూ విడతలు తగ్గిస్తాయి. బాగున్న రోజుల్లో మొదలుపెడితేనే ఎక్కువ ఫలితం.

## విడత వస్తున్నప్పుడు

మేనియా మొదలవుతోందని నాకు ముందే ఎలా తెలుస్తుంది?

పూర్తిగా వచ్చాక మీకు తెలియదు, ఆ జబ్బు లక్షణమే అది. తెలిసే అవకాశం మొదటి కొన్ని రోజుల్లోనే. ప్రతి మనిషికీ తనదైన ముందస్తు సంతకం ఉంటుంది: ఒకరు అర్ధరాత్రి పాత స్నేహితులకు మెసేజ్‌లు పెడతారు, ఒకరు ఒకేసారి మూడు వ్యాపారాల పథకాలు వేస్తారు, ఒకరికి రంగులు, శబ్దాలు మరీ స్పష్టంగా అనిపిస్తాయి, ఇంకొకరికి అందరిమీదా చిరాకు. బాగున్నప్పుడు ఇంట్లోవాళ్లతో కూర్చుని గత విడతకు ముందు రెండు వారాల్ని గుర్తుచేసుకుని మీ అయిదు గుర్తులు రాయండి. వాటిలో రెండు కనిపిస్తే ఏం చేయాలో కూడా పక్కనే రాయండి.

ఆ రోజు చేయాల్సింది ఇది: డాక్టరుకు ఫోన్ చేయాలి (ఇలాంటప్పుడు వేసుకోమని ముందే రాసిచ్చిన నిద్రమందు ఉంటే అడిగి వేసుకోవాలి), సాయంత్రం పనులన్నీ రద్దు, కాఫీ బంద్, వెలుతురు తగ్గించిన గదిలో తొందరగా పడక. డిప్రెషన్ మందు వాడుతుంటే కొనసాగించాలా అని తప్పక అడగండి. కొత్త ఒప్పందాలు, రాజీనామాలు, ప్రేమ ప్రకటనలు 48 గంటలు వాయిదా. ఆలోచన నిజంగా గొప్పదైతే రెండు రాత్రులు నిద్రపోయాక కూడా గొప్పగానే ఉంటుంది.

పోయినసారి మేనియాలో దాచుకున్నదంతా ఖర్చుపెట్టేశాను. మళ్లీ అలా జరగకుండా?

బాగున్నప్పుడే అడ్డుకట్టలు కట్టండి. రోజువారీ ఖర్చుకు చిన్న ఖాతా ఒకటి, పొదుపు వేరే ఖాతాలో, దాన్ని తీయడానికి రెండో సంతకం ఉండేలా. క్రెడిట్ కార్డు పరిమితి తగ్గించండి, ఫోనులో దాచిన కార్డు వివరాలు చెరిపేయండి. గుర్తులు కనిపించినరోజు కార్డులు ఎవరి చేతికివ్వాలో పేరుతో సహా రాసి సంతకం పెట్టండి. అప్పుడు వాళ్లు కార్డు అడిగితే అది పెత్తనం కాదు, మీ మాట మీకు గుర్తుచేయడం.

డిప్రెషన్‌లో మంచం దిగలేకపోతున్నాను. "లేచి నడువు" అంటే కోపమొస్తోంది.

కోపం రావడంలో తప్పేమీ లేదు. ఈ దశలో ఉత్సాహం వచ్చాక పని చేద్దామనుకుంటే అది రాదు, పని జరిగాకే కొంచెం వస్తుంది. అందుకని పనిని సిగ్గుపడేంత చిన్నది చేయండి. కాళ్లు మంచం దించి కూర్చోవడం. కిటికీ తీయడం. ముఖం కడుక్కోవడం. ఆ రోజుకు మూడు చాలు. మందు మానకండి, లేచే వేళ వదలకండి. డిప్రెషన్ రెండు వారాలు దాటితే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి, మందు మార్చాల్సి రావచ్చు.

చనిపోవాలనిపిస్తోంది. ఎవరికి చెప్పాలి?

ఇప్పుడే, మీకు దగ్గరలో ఉన్న ఒక మనిషికి, ఇదే మాటల్లో చెప్పండి: "నాకు చనిపోవాలనిపిస్తోంది, నన్ను ఒంటరిగా వదలకండి." ఆ తర్వాత మీ డాక్టరుకు. ఎలా చేసుకోవాలన్న ఆలోచన దాకా వెళ్లి ఉంటే నేరుగా ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి, లేదా అత్యవసర నంబరుకు, ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఈ ఆలోచన మీ స్వభావం కాదు, జబ్బు తెచ్చిన లక్షణం. జ్వరంలా తగ్గుతుంది.

ఇంట్లోవాళ్లకు: నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. మందులు మీ దగ్గర ఉంచుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వండి, హాని చేసుకునే వస్తువులు తీసేయండి. దిగులూ, లోపల ఆగని వేగమూ రెండూ ఒకేసారి కనిపిస్తుంటే మరింత జాగ్రత్త, ఆ మిశ్రమ స్థితిలో ప్రమాదం బాగా ఎక్కువ.

షాక్ ట్రీట్‌మెంట్ అంటున్నారు. భయంగా ఉంది.

ఇప్పటి ఈసీటీని మత్తు ఇచ్చి, కండరాలు సడలించి చేస్తారు. నొప్పి తెలియదు. వారానికి రెండు మూడుసార్లు, మొత్తం 6 నుంచి 12 దాకా ఉంటుంది. తిండి, నీరు మానేసిన డిప్రెషన్‌లో, ప్రాణాపాయంలో, మందులకు లొంగని మేనియాలో ఇంత వేగంగా పనిచేసేవి చాలా తక్కువ. ఆ కాలపు జ్ఞాపకాలు కొన్ని మసకబారవచ్చు, చాలావరకు తిరిగి వస్తాయి, కొన్ని రాకపోవచ్చు. ఈ సంగతి ముందే తెలుసుకుని ఒప్పుకోండి.

## ఇంట్లోవాళ్లు అడిగేవి

"నాకేం జబ్బు లేదు" అంటూ డాక్టరు దగ్గరికి రానంటున్నాడు. ఏం చేయాలి?

జబ్బు ఉందా లేదా అని వాదించకండి, ఆ వాదనలో ఎవరూ గెలవరు. అతనికే ఇబ్బందిగా ఉన్నదాన్ని పట్టుకోండి: "నాలుగు రోజులుగా నిద్రలేదు కదా, నిద్ర కోసమైనా చూపిద్దాం." గొంతు తగ్గించి, పొట్టి వాక్యాల్లో, ఒకరే మాట్లాడాలి. నలుగురు చుట్టుముడితే రెచ్చిపోతాడు. ఈలోగా డాక్టరుకు మీరు చూసినది చూసినట్టు చెప్పండి. రోగి అనుమతి లేకుండా డాక్టరు మీకు వివరాలు చెప్పకపోవచ్చు గానీ, మీరు చెప్పేది వినగలరు. కొట్టడం, ప్రమాదకరంగా బండి నడపడం, తిండీ నీళ్లూ మానడం దాకా వస్తే ఒప్పించే సమయం అయిపోయినట్టే, అత్యవసర సాయం పిలవండి.

మందు తెలియకుండా తిండిలో కలిపి ఇవ్వొచ్చా?

వద్దు. మోతాదు ఎంత వెళ్లిందో తెలియదు, దుష్ఫలితం వస్తే తనకేమవుతోందో తనకే అర్థంకాదు, లిథియమైతే రక్తపరీక్ష లేకుండా అది విషంతో సమానం. ఎప్పుడో ఒకరోజు బయటపడుతుంది. ఆ రోజు నుంచి మీ చేతి తిండిని గానీ మీ మాటను గానీ నమ్మరు. నోటి మాత్రలు వేసుకోనంటే, నీళ్లలా ఇచ్చే మందులు, నాలుక మీద కరిగేవి, నెలకోసారి ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. రోగితో చెప్పి, ఒప్పించి వాడేవి అవి.

నవ్వినా "మందు వేసుకున్నావా" అంటున్నారు. నాకు సంతోషపడే హక్కు లేదా?

ఉంది. సంతోషానికి కారణం ఉంటుంది, రాత్రికి నిద్ర వస్తుంది, ఆపాల్సినచోట ఆగుతుంది. ఇంట్లోవాళ్లు గమనించాల్సింది నవ్వును కాదు, మీరు కలిసి రాసుకున్న గుర్తుల్ని. ఆ జాబితాలో ఉన్నవే అడగాలి, లేనివి అడగకూడదు అని మాట తీసుకోండి. ఈ ఒప్పందం ఉన్నచోట గొడవలు బాగా తగ్గుతాయి.

## గర్భం, ఉద్యోగం, ప్రయాణం

పిల్లల్ని కనొచ్చా? మందులు ముందే ఆపేయాలా?

కనొచ్చు. కానీ గర్భం వచ్చాక కాదు, కనీసం ఆరు నెలల ముందు డాక్టరుతో మాట్లాడాలి. వాల్‌ప్రోయేట్ గర్భంలో వాడితే దాదాపు పదిమందిలో ఒక బిడ్డకు అవయవ లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదల సమస్యలు వస్తాయి. గర్భం వచ్చే వయసువారికి వీలైనంతవరకు అది వద్దు. కార్బమజెపిన్‌కూ ముప్పు ఉంది, పైగా అది గర్భనిరోధక మాత్రల్ని పనిచేయనివ్వదు. లిథియంతో మొదటి మూడు నెలల్లో బిడ్డ గుండెకు ముప్పు కొద్దిగా పెరుగుతుంది. కొనసాగిస్తే స్థాయిని తరచుగా చూడాలి, ఎందుకంటే గర్భంలో అది పడిపోతుంది. లామోట్రిజిన్, కొన్ని యాంటీసైకోటిక్ మందులు (క్వెటియాపిన్, ఒలాంజపిన్ ఆ కోవలోవే) పోల్చితే సురక్షితం.

అనుకోకుండా గర్భం వస్తే భయపడి అన్నీ ఒక్కసారిగా మానేయకండి, అదేరోజు డాక్టరుకు ఫోన్ చేయండి. అసలు ప్రమాదకాలం ప్రసవం తర్వాతి రెండు వారాలు. టైప్ 1 ఉన్న తల్లుల్లో సుమారు ఐదుగురిలో ఒకరికి అప్పుడు తీవ్రమైన ప్రసవానంతర సైకోసిస్ (భ్రమలతో వాస్తవానికి దూరమయ్యే స్థితి) వస్తుంది, అది అత్యవసర స్థితి. రాత్రి పాలు పట్టడం మరొకరు చూసుకుని తల్లికి వరసగా అయిదారు గంటల నిద్ర దొరికేలా ప్రసవానికి ముందే ఏర్పాటు చేసుకోవాలి.

ఆఫీసులో చెప్పాలా?

తప్పనిసరి కాదు. చెప్పడం వల్ల ఏం కావాలో ముందు తేల్చుకోండి: స్థిరమైన షిఫ్టా, డాక్టరు అపాయింట్‌మెంట్‌కు సెలవా, మెల్లగా తిరిగి చేరే వెసులుబాటా. చాలాసార్లు జబ్బు పేరు లేకుండా "వైద్య కారణాల వల్ల రాత్రి షిఫ్టు చేయలేను" అన్న ఉత్తరంతో పని జరుగుతుంది. మేనియాలోనో డిప్రెషన్‌లోనో ఉన్నప్పుడు చెప్పే నిర్ణయం తీసుకోకండి. జీవిత భాగస్వామి కాబోయేవారికి మాత్రం పెళ్లికి ముందే, నిదానంగా ఉన్న సమయంలో చెప్పండి. మందులు, ముందస్తు గుర్తులు, బాగోలేనప్పుడు ఏం చేయాలన్నది సహా చెప్పాలి.

సమయం మారే దేశానికి ప్రయాణం ఉంది. మందులెలా?

తూర్పు దిశగా వెళ్తే నిద్ర ముందుకు జరిగి తగ్గిపోతుంది, మేనియా భయం అటువైపే ఎక్కువ. వారం ముందు నుంచి రోజుకు అరగంట చొప్పున పడుకునే వేళ మార్చుకుంటూ రండి. రాత్రంతా మేలుకోవాల్సిన విమానం వద్దు, ఒక్క పూట ఖర్చు పెరిగినా సరే. మందులు, డాక్టరు చీటీ చేతిసంచిలోనే ఉండాలి, అనుకున్న రోజులకన్నా వారం ఎక్కువ సరిపడా. మోతాదుల మధ్య గంటలు ఎలా సర్దుకోవాలో బయల్దేరక ముందే డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. లిథియం వాడేవారు విమానంలో నీళ్లు తాగుతూ ఉండాలి, దిగిన మొదటి రెండు రోజులు పని పెట్టుకోకూడదు.